వాకిట్లో పొయ్యి

"నొక్కాను. ఊరందరివీ నేనే నొక్కాను. అయితే ఏటంతావు?"

ఆ మాట అంటున్నంత సేపూ సోమేశ్వరరావు చేపల పులుసు కలుపుతూనే ఉన్నాడు. తప్పు చేసిన మనిషి తల దించుకుంటాడని, కనీసం ముద్ద నోట్లో పెట్టుకోవడానికైనా తడబడతాడని ఎదురుచూసిన హేమకు ఒళ్ళు మండిపోయింది. తప్పు చేశాననుకుంటే కదా మామగారు తడబడడానికి!

గుమ్మం దగ్గర సూరమ్మ తన ఫోను రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉంది. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ ఆమె వేళ్ళు నల్లగా మాడిపోయాయి. జీడి నూనె వేలి గీతల్ని కూడా తినేసింది. ఆ వేలిముద్రకి ఫోను తాళం తెరుచుకోక చాన్నాళ్ళయింది. ఫోను తెరమీద మాత్రం ఆమె పేరు కింద 'అవును' అని పచ్చగా వెలుగుతోంది.

"నాను ముట్టుకోనేదు బాబూ," అంది సూరమ్మ. "నా పొయ్యి ఓటు నాను ముట్టుకోకండా ఎలగ పడిపోనాది?"

"సెప్తన్నాను గదా, నేను నొక్కాను. నీ మంచికే నొక్కాను. ఎల్లి పని సూసుకో." సోమేశ్వరరావు వంటింటి వైపు తల తిప్పాడు. "రత్నం! పులుసు సల్లారిపోయింది. కాస్త ఏడి సేసి తే."

రత్నాలమ్మ వంటింటి గడపలో కూర్చుని ఉంది. భర్త మాట వినబడనట్టే గోడకేసి చూస్తోంది. తను పెళ్ళయి ఆ ఇంటికొచ్చాక ఆయన అడిగినదానికి ఆవిడ కదలకపోవడం హేమ చూడలేదు. ఇంకో రోజయితే ఆశ్చర్యపోయేది. ఇవాళ ఆశ్చర్యపోవడానికి తీరిక లేదు.

"మావయ్యా, అవి మీ ఓట్లు కావు," అంది హేమ.

"కాయితాలు నా బీరువాలో ఉన్నాయి. నా చేతికిచ్చి దాసమన్నోళ్ళు నన్ను నమ్మినట్టా, నమ్మనట్టా?"

"దాయమన్నారు. వాడమనలేదు."

సోమేశ్వరరావు ముద్ద మింగి మంచినీళ్ళు తాగాడు. "టెక్కలిలో ఇంజినీరింగు సదివిన కోడలు వొత్తే ఇంటికి ఎలుగనుకున్నాను," అన్నాడు కొడుకు వైపు చూస్తూ. "ఇలగ కూడు దగ్గర నిలబెట్టి అడుగుతాదనుకోనేదు."

కొడుకు ధనుంజయ్ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. చూడాల్సినంత గొప్ప చెప్పులేం కావవి.

ఉద్దానంలో తుపాను సంగతి చిన్నపిల్లలు కూడా చెబుతారు. కొబ్బరిచెట్లు నడుములు విరిగి పడ్డాయి, జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి, పూండి దగ్గర ఈ ఊళ్ళో పెంకుటిళ్ళ కప్పులు ఎక్కడికెళ్ళాయో ఎవరికీ తెలీదు. నిలబడింది సోమేశ్వరరావు డాబా ఒక్కటే. ఊరంతా అందులోకి దూరి ప్రాణాలు దక్కించుకుంది. కానీ పట్టాలు, పాసుపుస్తకాలు, పెళ్ళి ఫోటోలు అన్నీ వాననీళ్ళలో ముద్దయిపోయాయి. అప్పటినుంచీ ఊరికి ఒక అలవాటు పడింది. విలువైన కాగితం ఏది ఇంటికొచ్చినా తిన్నగా తీసుకెళ్ళి డాబా ఇంటి ఇనప బీరువాలో పెట్టేస్తారు. రసీదు అడగరు. అడిగితే సోమేశ్వరరావు నొచ్చుకుంటాడు.

జీడిపిక్కలు కలిసి అమ్ముకోవడానికి ఊరు జీడి కూటమి పెట్టుకున్నప్పుడూ అదే జరిగింది. అంతకు ముందు సంఘాలకు అధ్యక్షులుండేవారు, కార్యదర్శులుండేవారు, చివరికి లెక్కలుండేవి కావు. అందుకని ఈసారి అధ్యక్షుడే లేని సంఘం కావాలన్నారు. దానికి బ్లాక్‌చెయిన్ దారి చూపించింది హేమే. లెక్కా, ఓటూ, నియమావళీ ఒకరి పుస్తకంలో కాకుండా వేల కంప్యూటర్లలో ఒకేసారి పడి ఉంటాయి. ఒకసారి పడ్డదాన్ని ఎవరూ చెరపలేరు. ఒక్కో పొయ్యికీ ఫోను పన్నెండు తెలుగు మాటలిస్తుంది. ఆ పన్నెండూ తెలిసినవాళ్ళే ఆ పొయ్యి తరఫున ఓటు నొక్కగలరు.

ఊరు ఆ పన్నెండు మాటల్నీ చీటీల మీద రాయించుకుంది. చీటీలు మడిచి, అలవాటు ప్రకారం డాబా ఇంటి బీరువాలో పెట్టేసింది! ఏ ఒక్కరి గుప్పిట్లోనూ ఉండకూడదని పెట్టుకున్న కూటమి తాళాలన్నీ ఒకే ఇనప బీరువాలో చేరాయి. తుపానుకు జడిసినవాళ్ళు మనిషికి జడవాలని ఎలా అనుకుంటారు? హేమ కూడా అనుకోలేదు.

"మావయ్యా, మొదటి నియమం మారిస్తే ఏమవుతుందో మీకు తెలుసు," అంది హేమ. "ఇప్పుడు పొయ్యికో ఓటు. మీరు మార్చమంటున్నది బస్తాకో ఓటు. మీలాగ జీడితోటలు ఉన్నోడికి బస్తాలుంటాయి. సూరమ్మత్తకి ఎక్కడివి బస్తాలు? ఇవాళ పొద్దుగూకేసరికి ఓటు గడువు ముగుస్తుంది, పిక్కలు కొట్టే ఆడోళ్ళ ఓట్లన్నీ పోతాయి."

"ఓటు పోతే కూలి పోద్దా? పలాసలో వైకుంఠరావు ఏటన్నాడో తెలుసా? మీ ఊరి పిక్కలన్నీ నేనే కొంటాను గానీ, మాటాడ్డానికి ఒక్క మడిసిని సూపించండి అన్నాడు. ఊరంతా కలిసి ఫోన్లు నొక్కే ఏపారం నాకొద్దన్నాడు. ఆ ఒక్క మడిసి నేను కాకపోతే ఎవలవుతారు? ధనుంజయా?"

ధనుంజయ్ చెప్పుల మీంచి కళ్ళెత్తి మళ్ళీ దించేశాడు.

"ఆ సంగతి ఊళ్ళో అడగొచ్చు కదా. అడిగి ఓటు పెట్టొచ్చు కదా."

"అడిగితే మొదటి నియమం మారుద్దా? ఒక్క పొయ్యి కాదన్నా మారదని రాసినావు నువ్వు." సోమేశ్వరరావు కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. "అందుకే అడగనేదు. ఇప్పుడు ఒక్కలూ కాదన్లేదు. సూసుకో నీ ఫోన్లో. నీ నియమావళి పెకారమే గెలిసినాను. ఇంకేటి?"

ఆయన నిజమే చెబుతుండడం హేమకు మరీ మండింది.

సూరమ్మ మెల్లిగా దగ్గరికొచ్చింది. "ఇప్పుడు నాను కాదని నొక్కితే అవ్వదేటి, హేమమ్మా?"

"ఒకసారి పడ్డ ఓటు మారదు సూరమ్మత్తా. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చెప్పేవాళ్ళకి వీల్లేకుండా రాయమన్నది నువ్వే."

"నానేనేటి?" సూరమ్మ తన నోటి మీద తనే కొట్టుకుంది. "ఈ నోరు పడిపోను."

సోమేశ్వరరావు నవ్వుతూ లేచి వసారాలోకి వెళ్ళిపోయాడు. ఆ నవ్వులో కోపం లేదు. పిల్లలు ఆటలో ఓడిపోయి అలిగితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది. హేమకు చెంపదెబ్బ తిన్నట్టయింది.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. రత్నాలమ్మ అదే గడప మీద, అదే గోడకేసి చూస్తూ ఉంది.

"అత్తా, మావయ్య ఆ చీటీలు తీస్తుంటే నువ్వు చూశావా?"

"సూశాను."

"తాళం నువ్వే ఇచ్చావా?"

రత్నాలమ్మ నడుముకున్న తాళాల గుత్తిని గుప్పిట్లో పట్టుకుంది. "బీరువా తీయమంటే తీశాను. ఎప్పుడూ తీసినట్టే తీశాను. రెండు దినాలు ఆ గదిలో తలుపేసుకుని కూకున్నాడు. ఏటి సేస్తన్నాడో అడగనేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే ఏటి సేద్దువు?"

ఏం చేసేది? ఇప్పుడేం చేస్తుంది? పొయ్యిలన్నీ అవునన్నాయి. తమ ఇంటి పొయ్యితో సహా. కాదనడానికి ఈ ఊళ్ళో ఒక్క పొయ్యయినా మిగల్లేదు.

మిగల్లేదా?

ఆమె కళ్ళు వంటింటి మూల అలమారలో పైవరసకి వెళ్ళాయి. జలంత్రకోట నుంచి కాపరానికి వచ్చేటప్పుడు అమ్మ పెట్టి పంపిన ఇత్తడి గిన్నె అక్కడుంది. ఇంట్లో కుక్కరుండగా దానితో పనేముందని ఒక్కసారి కూడా దించలేదు. హేమ స్టూలెక్కి దాన్ని దించింది. కొంగుతో దుమ్ము తుడిచింది.

"ఏటి సేద్దువని అడిగావు కదత్తా," అంది. "ఇదిగో, ఇదే చేద్దును."

రత్నాలమ్మ గిన్నె వైపు చూసింది, కోడలి మొహం వైపు చూసింది.

నియమావళిలో ఇల్లంటే ఏమిటని ఊరు పెద్ద రగడే చేసింది అప్పట్లో. రేషను కార్డని కొందరు, ఇంటి పన్నని కొందరు, భూమి కాగితమని కొందరు అన్నారు. భూమి లేనివాళ్ళ మాటేమిటని ఆడవాళ్ళు లేచారు. చివరికి అందరికీ తెలిసిన లెక్కే నిలిచింది. అన్నదమ్ములు ఒకే గోడల మధ్య ఉన్నా పొయ్యిలు రెండయితే రెండిళ్ళు. పొయ్యి ఒకటయితే ఎంతమందున్నా ఒక ఇల్లు. అదే హేమ రాసింది. కొత్తగా పొయ్యి పెట్టుకున్నవాళ్ళని చేర్చుకోవడానికి, దాని మీద వండి తినగా చూశామని ఇరుగుపొరుగు పొయ్యిలు రెండు తమ ఫోన్లలో సాక్ష్యం చెబితే చాలు. వెలగని పొయ్యికి ఓటు లేదని, అదీ అలాగే సాక్ష్యంతో తేలుతుందని ఇంకో మాట కూడా ఉంది. సాక్ష్యం వేరు, ఓటు వేరు. ఊరివాళ్ళ ఓట్లు పోయాయి కానీ సాక్ష్యాలు పోలేదు.

హేమ వసారా దాటి వాకిట్లోకి దిగింది. ప్రహరీ కట్టగా మిగిలిన ఇటుకలు మూడు తెచ్చి, వీధిలోకి కనబడేటట్టు సరిగ్గా నడి వాకిట్లో పెట్టింది.

"సూరమ్మత్తా, ఒక గ్లాసు బియ్యం అప్పివ్వు. ఈ ఇంటి బియ్యం నాకొద్దు."

సూరమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆ వయసులో ఆవిడ పరిగెత్తిన పరుగు చూడాలి!

కొబ్బరి మట్టలు బాగా ఎండి ఉన్నాయి. అగ్గిపుల్ల తగిలించగానే అందుకున్నాయి. పొగ లేచేసరికి ఎదురింటి పోలయ్య కంచె దగ్గరికి వచ్చాడు, అతని వెనక ఇంకో నలుగురొచ్చారు. డాబా ఇంటి కోడలు నడి వాకిట్లో మూడిటుకల మీద ఎసరు పెట్టడం ఎవరికైనా వింతే.

ధనుంజయ్ విసవిసా వచ్చాడు. "ఏటిది హేమా? పదిమందిలో పరువు తీస్తన్నావు. లేచి లోపలికి రా."

"రాను."

"వేరు పడతావేటి? నన్నొదిలేసి?"

"నిన్ను వదిలెయ్యడం లేదు బావా. రమ్మంటున్నాను." హేమ ఎసట్లో బియ్యం పోసి మూత పెట్టింది. "ఒంటరిగా వండుకు తింటే పొయ్యి కాదు. వయసొచ్చిన ఇద్దరు తినాలి. వచ్చి నాతో పాటు ఒక్క ముద్ద తిను. రేపు మళ్ళీ కలిసిపోదాం. మావయ్య కాళ్ళు పట్టుకోమంటే నేనే పట్టుకుంటాను. ఇవాళ మాత్రం కాదనడానికి ఒక పొయ్యి కావాలి."

"నేను ఇక్కడ కూకుని తింటే నాన్న ముందు తలెత్తుకోగలనా?"

"తినకపోతే నా ముందు ఎత్తుకోగలవా?"

హేమ ధనుంజయ్ మొహంలోకి చూసింది. కూటమి పెట్టిన రోజుల్లో జీడి కల్లంలో కూర్చుని ఒక్కో నియమం పైకి చదివి వినిపించింది ఇతనే. చదివేటప్పుడు గొంతు ఎంత గట్టిగా ఉండేదో! అది గుర్తొచ్చి హేమకు ఏడుపొచ్చింది. పొగ వల్లనని అందరూ అనుకున్నారు. అనుకోనీలే అని ఆమె కళ్ళు తుడుచుకోలేదు.

ధనుంజయ్ వెనక్కి తిరిగి వసారా ఎక్కి తండ్రి పక్కన నిలబడ్డాడు.

"సరిపోయిందా సరదా?" సోమేశ్వరరావు పడక కుర్చీలోంచే అడిగాడు. "ఇద్దరు తినాలన్న మాట రాయించింది ఎవలో మర్సిపోయావేటి? కుర్రోళ్ళు తలకో పొయ్యి పెట్టుకుని దొంగ ఓట్లు పుట్టిస్తారని నేనే పట్టుబట్టాను. ఒక్కదానివి ఎంత వండుకున్నా అది పొయ్యవ్వదు. ఇటికలు నాయి. వాకిలి నాది. సూత్తూ ఊరుకున్నానంటే అది నా మంచితనం."

"వాకిలి ఎవరిదో నియమావళి అడగలేదు మావయ్యా. పొయ్యి ఎవరిదని ఒక్కటే అడిగింది."

"రెండో మడిసిని సూపించు మరి."

హేమ వీధి వైపు తిరిగింది. సూరమ్మ తల దించుకుంది. ఆమె పొయ్యి ఆమెకుంది, అందులోంచి బయటికి వస్తే పక్షవాతమొచ్చి మంచాన పడ్డ మొగుడు ఒక్కడవుతాడు. పోలయ్య కంచె కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"సాచ్చికం సెప్తావా పోలయ్యా?" అని అడిగింది సూరమ్మ.

"నాను..." పోలయ్య డాబా వైపు చూశాడు. "తుపానునాడు మా అమ్మని భుజానేసుకుని ఆ మెట్లెక్కినాను. బాబు తలుపు తీసినాడు. ఆ బాబుకి ఎదురు ఎలగ సెప్తాను?" మళ్ళీ పొయ్యి వైపు చూశాడు. "సెప్పనని కాదు. ముందు ఇద్దరు తిననీ. అప్పుడు సూద్దాం."

సోమేశ్వరరావు చేతులు తల వెనక పెట్టుకుని పోలయ్య వైపు మెచ్చుకోలుగా చూశాడు.

అన్నం ఉడికింది. గంజి వార్చడానికి అడ్డుపెట్టే చిబ్బి లేదు. గంజితోనే దించేసింది. సూరమ్మ అరిటాకు ముక్కలు రెండు తెచ్చిచ్చింది. హేమ రెండింటినీ కడిగి పక్కపక్కన పరిచి, ఒకదాని ముందు కూర్చుంది. రెండో ఆకు ఖాళీగా ఉంది. పొద్దు కొబ్బరితోటల వెనక్కి వాలుతోంది. కంచె దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు.

ఆమెకు భయం వేసింది. ఇంతసేపూ కోపం మీద నడిచింది. కోపం కాస్త తగ్గేసరికి, ఈ పొద్దు గూకాక ఏ గడప తొక్కాలన్న ప్రశ్న ఎదురొచ్చింది. జలంత్రకోట వెళ్ళే బస్సు కూడా వెళ్ళిపోయి ఉంటుంది. అయినా లేవకూడదనుకుంది. ఓడిపోతే ఈ ఆకు ముందు కూర్చునే ఓడిపోతుంది.

వసారా మెట్ల మీద తాళాల గుత్తి చప్పుడయింది.

రత్నాలమ్మ దిగి వస్తోంది. దారిలో మొగుడున్నాడు, కొడుకున్నాడు. ఇద్దర్నీ గుమ్మంలో పెట్టిన కుర్చీల్ని దాటినట్టు దాటుకుని వచ్చింది. వచ్చి మోకాళ్ళు పట్టుకుని, కష్టపడి, ఖాళీ ఆకు ముందు కూర్చుంది.

"ఎట్టు," అంది.

హేమ దగ్గర గరిటె లేదు. చేత్తోనే వేడన్నం తీసి పెట్టింది. ఉప్పు, పచ్చిమిరపకాయ పెట్టి, తన ఆకులోనూ వడ్డించుకుని ఒక ముద్ద తింది. రత్నాలమ్మ కలుపుకుని ఒక ముద్ద తిని, కాసేపు నమిలింది.

"ఎసట్లో కూడా ఉప్పేసినావేటి? సంద్రం నీళ్ళలాగుంది."

కంచె దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. హేమకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"రత్నం!" సోమేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. "లెగు. లోపలికి రా."

"తింతన్న మడిసిని లెగమంతావేటి?"

"నీకు మతి పోయిందా? నా పెళ్ళాం నా వాకిట్లో ఇంకో పొయ్యి కూడు తింతాదా?"

రత్నాలమ్మ ఇంకో ముద్ద కలిపింది. మాట్లాడేటప్పుడు ఆయన వైపు తిరగలేదు, అన్నంతో మాట్లాడుతున్నట్టే మాట్లాడింది.

"తుపానునాడు నువ్వు తలుపు తీసినావు. కాదన్ను. ఊరంతా ఆ మాట సెప్పుకుంతాది, పోలయ్య ఇప్పుడూ సెప్పినాడు. మరి కరెంటు రానన్నాళ్ళూ అంతమందికీ వండి పెట్టినదెవలు? తడిసిన కట్టెలతోటి, కళ్ళు పోయేటట్టు ఊదుకుంటా వండినాను. తలుపు తియ్యడం ఒక్క సిటికె పని. ఆ ఒక్క సిటికెకి ఊరు నీదైపోనాదేటి?"

పోలయ్య కంచె కర్ర వదిలేశాడు.

"ఊరందరి ఓట్లూ నొక్కినావు. సరే, ఆళ్ళు పరాయోళ్ళు. మన పొయ్యి ఓటో? మన పొయ్యి ముందర కూకునేది నాను గదా. నన్నడిగినావా? ఒక్క మాట, రత్నం, ఇలగ సేస్తన్నాను, నీకేటనిపిస్తంది అని అడిగినావా?" ఆవిడ గొంతు మొదటిసారి లేచింది. "నానైతే అవునందును గూడాను. అడిగుంటే అవునందును! అడగనేదు గదా."

సోమేశ్వరరావు వసారా మెట్ల దాకా వచ్చి ఆగిపోయాడు.

సూరమ్మ ఫోను తీసి నల్లటి బొటనవేలితో సాక్ష్యం నొక్కింది. తర్వాత అందరూ పోలయ్య వైపు చూశారు.

పోలయ్య మాసిన చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. "అప్పా," అన్నాడు రత్నాలమ్మని అక్క వరస పెట్టి, "మా అమ్మ ఆ డాబాలో గంజి తాగింది నీ సేత్తోనే." కళ్ళు మూసుకుని నొక్కేశాడు.

హేమ ఫోను కుయ్యిమంది. కొత్త పొయ్యి చేరింది. తెరమీద పన్నెండు తెలుగు మాటలు వరసగా వచ్చాయి.

"కాయితం తేనా?" అన్నాడు పోలయ్య, అలవాటు కొద్దీ.

"ఒద్దు!" అని ఊరంతా ఒక్కసారే అరిచింది.

రత్నాలమ్మ చెయ్యి కడుక్కుని చెవి కోడలి నోటి దగ్గర పెట్టింది. "మొదటి ఆరూ నాకు సెప్పి నువ్వు మర్సిపో. కడమ ఆరూ నువ్వుంచుకో. నువ్వు లేందే నాను తియ్యలేను, నాను లేందే నువ్వు తియ్యలేవు."

హేమ ఆరు మాటలూ మెల్లిగా చెప్పింది. రత్నాలమ్మ పెదవులు కదుపుతూ వల్లె వేసుకుంది. నాలుగోది తప్పితే మళ్ళీ మొదట్నించీ చెప్పించుకుంది. పొద్దు చూస్తే కొబ్బరి మట్టల కిందికి దిగిపోతోంది, సూరమ్మ "బేగి, బేగి" అని చేతులు పిసుక్కుంటోంది. రత్నాలమ్మ మాత్రం తొందరపడలేదు. ఆరూ తప్పులేకుండా ఒకసారి అప్పజెప్పాకే ఫోను చేతిలోకి తీసుకుంది.

"ఏది నొక్కాల?"

"ఎర్రగా ఉన్నది అత్తా. 'కాదు' అని ఉంది."

"సదువొచ్చునే నాకు," అని కసిరి, నొక్కింది.

ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఆ తర్వాత కంచె దగ్గరున్న ఫోన్లన్నీ ఒకదాని వెనక ఒకటి మోగాయి. మార్పు వీగిపోయింది. పొయ్యికి ఒక ఓటు అలాగే ఉంది. సూరమ్మ అక్కడే మట్టిలో కూలబడి, ఫోను గుండెలకి ఆనించుకుని ఏడ్చేసింది.

"రేపు పొద్దున్నే అందరూ రండి," అంది రత్నాలమ్మ, లేచి నిలబడి. "బీరువా తీస్తాను. ఎవల సీటీలు ఆళ్ళు అట్టుకెళ్ళి, కొత్త మాటలు తెచ్చుకోండి."

"బీరువా నాది!" సోమేశ్వరరావు గొంతు వాకిలంతా మోగింది.

"తాళాలు నాకాడున్నాయి."

ఆయన చూపు తాళాల గుత్తి మీద నిలిచింది. మొహం ఎర్రబడింది. "అయితే బయటే ఉండండి. అత్తా కోడలూ ఆ మూడిటికల మీదే కాపరం సెయ్యండి. ధనుంజయ్, రా." కొడుకు భుజం పట్టుకుని లోపలికి లాక్కుపోయి ధడాలున తలుపేశాడు. గడియ పడింది. బీరువా లోపల, దాని తాళాలూ, తాళాలున్న మనిషీ బయట.

లోపల్నించి సోమేశ్వరరావు మాట వినబడుతోంది. "మనకి సేతకాదేటి? ఎల్లు, గ్యాసెలిగించు. ఆ పులుసే ఏడి సేసుకుందాం."

వంటింటి కిటికీలోంచి లైటరు టిక్కుమంది. మళ్ళీ టిక్కు. మళ్ళీ. ఆగి ఆగి అదే చప్పుడు వస్తోంది.

"పొద్దున్నే అయిపోనాది సిలిండరు," అంది రత్నాలమ్మ గొంతు తగ్గించి. "సెప్పనేదు."

హేమ అత్తగారి వైపు చూసింది. మధ్యాహ్నం పులుసు వేడి చెయ్యమంటే ఈవిడ ఎందుకు కదల్లేదో అప్పుడర్థమయింది. నవ్వబోయి ఆగిపోయింది. సూరమ్మ ఏడుపు మాని తల ఎత్తింది. కళ్ళు తుడుచుకుని తన ఫోను వైపూ, పొగ లేని ఆ డాబా వైపూ చూసింది.

"వెలగని పొయ్యికి ఓటు లేదని రాసినాం గదా, హేమమ్మా?" అంది. "ఇద్దరం సాచ్చికం సెప్తే సాలు గదా?"

పోలయ్య ఫోను కూడా అతని చేతిలోనే ఉంది. ఇద్దరూ హేమ నోటి వైపే చూస్తున్నారు. నియమావళి రాసింది ఆమె, ఆమె ఊఁ అంటే నొక్కేస్తారు. లోపల ధనుంజయ్ ఉన్నాడు.

రత్నాలమ్మ ఇత్తడి గిన్నె మళ్ళీ ఇటుకల మీదికెత్తింది. "ముందు ఇంకో గ్లాసు బియ్యం తే సూరమ్మా," అంది. "ఆకలేస్తే ఎవలొత్తారో సూద్దాం. ఒచ్చినోళ్ళని అడిగి కూడు ఎడదాం."

కిటికీలో లైటరు చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి, మెల్లిగా, తలుపు గడియ తీస్తున్న చప్పుడయింది.